మంచినీళ్లివ్వని గది

సోమవారం, తూర్పుగాలి

మంజీరా,

పోయిన వారం రేడియోలో మాట్లాడినప్పుడు మా వకీళ్ల ఆఫీసును ధర్మసత్రమన్నావు. తప్పు. సత్రమంటే వచ్చినవాళ్లకు ఇంత అన్నం పెట్టి, పడుకోవడానికి చాప ఇచ్చేది. మా గదిలో మంచినీళ్లు కూడా ఇవ్వం. ఆ సంగతి గుమ్మం దగ్గరే చెప్పి లోపలికి రానిస్తాం. నీళ్లకుండ తెర వెనక దాచుకుంటాం. గడప తొక్కిన మనిషికి గ్లాసుడు నీళ్లివ్వకుండా ఎదురుగా కూర్చోవడం నేను పెద్ద వయసులో నేర్చుకున్నాను. మీ అమ్మమ్మకు ఒంటబట్టడానికి కష్టమైన చట్టం అదొక్కటే. మిగతావన్నీ పుస్తకాల్లో ఉన్నవే.

వచ్చే పడవకి వచ్చి మాతో పనిచేస్తానంటున్నావు గనక ఈ వారం జరిగినదంతా రాసి పంపుతాను. ముందే చదువుకుని వస్తే, వచ్చాక ప్రశ్నలు వేసి నా ప్రాణం తియ్యవు.

ఈ పొద్దున మబ్బు వలలు దులిపే వంతు మాది. పైకప్పు మీద వాసాలకు కట్టిన ఈ వలలే రాత్రి పొగమంచును పట్టి పడవలు కలిపి కట్టిన మా ఊరు పడవలదిబ్బ మొత్తానికి మంచినీళ్లిస్తాయి. వాటి మీద పేరుకున్న ఉప్పును చీపురుతో దులపాలి. సలోమి నిచ్చెనెక్కింది, నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకుని సలహాలిచ్చాను. సలోమి మా రెండో వకీలు. నా కంటే ఇరవై ఏళ్లు చిన్నది, నా కంటే చాలా మంచిది. రెండో విషయం ఆమెకు తెలియనివ్వను.

తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లాం. నువ్వుండే కొండపట్నంలో తిప్పితే నీళ్లొస్తాయి. ఇక్కడి కుళాయి నీ చేతి కడియాన్ని చూసి నీ వాటా ఎంతో అంతే పోస్తుంది. నేను దాన్ని బతిమాలి చూశాను, బెదిరించి చూశాను. నలభై ఏళ్ల ప్రాక్టీసులో అంత నిక్కచ్చి మనిషిని ఏ కోర్టులోనూ చూడలేదు. ఎవరైనా వాటాకు మించి నీళ్లు దాచారని తేలితే వాళ్ల పడవ కట్టుతాళ్లు కోసి సముద్రంలోకి వదిలేస్తారు. అందుకే ఇక్కడ దొంగతనాలున్నాయి, అబద్ధాలున్నాయి గాని నీళ్ల దాపరికం మాత్రం లేదు.

మధ్యాహ్నం పోలేశ్వరి వచ్చింది. పాచి అమ్మే వంకతో, నెత్తిన బుట్టతో. ఇరవై రెండేళ్లుంటాయి. నూకరాజు దొడ్డిలో పనిచేస్తుంది. దొడ్డి అంటే సముద్రపు పాచి పెంచి, ఎండబెట్టి అమ్మే తెప్పల గుంపు. వలలల్లడం నేర్పే బడి ఉందని చెప్పి ఆమెను గట్టు మీది నుంచి తీసుకొచ్చారు. బడి లేదు. ఆ తర్వాత జరిగినదంతా ఆమె మాకు ఒకే ఒక్కసారి, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. అది ఇక్కడ రాయను. నువ్వు వకీలువైనా సరే, అది ఆమె సొత్తు. నీకు తెలియాల్సింది ఒక్కటే: శనివారం నూకరాజు పడవ లోతుగట్టుకు పోతుంది. అక్కడ మన ఊరి తగువులు తీర్చే నీటిసభ మాట చెల్లదు. ఆ పడవలో ఆమెను కూడా పంపుతున్నాడు.

"నన్నంపకుండా సెయ్యండమ్మా, సాలు," అంది. "ఇంకేటీ అడగను."

ఆపడం తేలిక కాదు. ఎందుకంటే ఆమె నూకరాజు పూచీలో ఉంది. తీరం మునిగిన కొత్తలో, నాలుగు పడవలు కలిపి కట్టుకున్న రోజుల్లో, ఒడ్డు నుంచి చావుబతుకుల మధ్య వచ్చినవాళ్లకు తన వాటాలోంచి మొదటి గుక్క ఇచ్చినవాళ్లే వాళ్లకు పూచీదారు అని పెద్దలు నియమం పెట్టారు. కొత్తమనిషి తిండికి, పడకకు, మర్యాదకు పూచీదారుదే బాధ్యత. వాళ్లు ఒప్పుకుంటే తప్ప కొత్తమనిషి చోటు మారకూడదు. పెట్టినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పెట్టారు. తర్వాత నూకరాజులాంటివాళ్లు సీసాలు పట్టుకుని రేవులో కాపు కాశారు.

పోలి చెబుతూ చెబుతూ దగ్గింది. ఊపిరాడని దగ్గు. నేను గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్క వేయడానికి లేచాను. వెనక్కి తిరిగేసరికి సలోమి ఫ్లాస్కు పోలి చేతుల్లో ఉంది, సగం ఖాళీగా. ఎదురు పడవ మీద నూకరాజు మనిషొకడు వలకు మాట్లు వేస్తున్నట్టు నటిస్తూ మా కిటికీలోకే చూస్తున్నాడు.

మంగళవారం, గాలి లేదు

పొద్దున్నే సభ నుంచి కబురు. వేరొకరి పూచీలో ఉన్న మనిషికి నీళ్లిచ్చారు గనక మా గది పోలేశ్వరి మీద పోటీ హక్కు అడుగుతున్నట్టే లెక్కట. కక్షిదారులమయ్యాం గనక మేం ఆమె తరఫున వాదించకూడదు, ఆమెకు చట్టం చెప్పకూడదు, కేసు గురించి ఆమెతో మాట్లాడకూడదు.

తెర వెనక కుండ ఎందుకు దాచుకుంటామో ఇప్పుడు తెలిసిందిగా.

సలోమిని తిట్టాను. బాగానే తిట్టాను, తెలుగులోనూ, చట్టభాషలోనూ. ఆమె తలవంచుకుని విన్నది. చివరికి, "దగ్గుతున్న మనిషిని చూస్తే నేను వకీలునని గుర్తురాలేదండీ," అంది. అప్పటికే మధ్యాహ్నమైంది. ఇద్దరం గంజి తాగాం.

పడవలదిబ్బలో డబ్బు తీసుకోకుండా వాదించే గది మాదొక్కటే. మిగతా వకీళ్ల గుమ్మం తొక్కడానికి పోలి దగ్గర ఏమీ లేదు. ఆమె కడియం కూడా ఆమె దగ్గర లేదు. దొడ్డివాళ్ల కడియాలన్నీ నూకరాజు తన మొలతాడుకు తాళంచెవుల గుత్తిలా కట్టుకుని తిరుగుతాడు. వాటితో అతనే కుళాయి దగ్గర నీళ్లు పట్టి, ఒక్కొక్కరికి రోజుకో సీసా చేతికిస్తాడు.

సాయంత్రం సభాపతి దాలినాయుడి దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు నా దగ్గర జూనియరు. అప్పట్లో దస్త్రాలు తలకిందులుగా కుట్టేవాడు. ఇప్పుడు ఊరికి పెద్ద. వెళ్లగానే కూర్చోమన్నాడు గాని నీళ్లివ్వలేదు. నా శిక్షణ వృథా పోలేదనుకున్నాను. నిషేధం ఎత్తేయడం కుదరదని చెప్పాడు. చెప్పాక, పొమ్మనకుండా గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. అతనికి ఆ అలవాటు అప్పుడూ ఉండేది. ఏదో మిగిలిపోయిందన్నమాట. నేనూ కదలకుండా కూర్చున్నాను.

చివరికి చెప్పాడు, మిగిలిపోయింది ఇది. పూచీదారు ఒక్కడే అయితే సభ మనిషిని పిలవదు, కాగితం మీద ముద్రేసి ఊరుకుంటుంది. ఏడాదిగా మేం దొడ్డి ఆడవాళ్ల కోసం వేసిన అర్జీలన్నీ ఆ ముద్రతోనే తిరిగొచ్చాయి. పోటీదారు ఉంటే మాత్రం బహిరంగ విచారణ జరపాలి. పూచీదారు, పోటీదారు, ఆ కొత్తమనిషి ముగ్గురూ సభలో నిలబడాలి. శుక్రవారం విచారణ. వకీలు పోయినా విచారణ దొరికింది.

వచ్చి సలోమికి చెప్పాను. అయితే తిట్టినందుకు ఏమంటారని అడిగింది. తిట్లకు కాలదోషం పట్టిందన్నాను.

బుధవారం, తుంపర

ఊళ్లో పండుగ. పక్క పడవలో ఉండే వడ్రంగి ఇస్మాయిల్ నిన్న రేవులో ఒక కొత్త ముసలాయనకు తన వాటాలోంచి నీళ్లు పోశాడు. అందుకని అతని పూచీదారు సేమ్యా వండి అందరినీ పిలిచింది. నువ్వు ఇలాంటి పిలుపులకు అలవాటు పడాలి. ఇక్కడ పెళ్లికి రాకపోయినా క్షమిస్తారు గాని దీనికి రాకపోతే క్షమించరు. కొత్తగా వచ్చినవాడు ఇంకో కొత్తవాడికి తన నీళ్లు తన చేత్తో పోసిన రోజున అతని మీద పూచీ తీరిపోతుంది. తన వాటాలోంచి ఇంకొకరికి ఇవ్వగలిగినవాడికి వేరొకరి పూచీ ఎందుకని పెద్దలు అనుకున్నారు. ఆ రోజు నుంచి అతను ఊరివాడు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇస్మాయిల్ కొత్త చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ కూర్చున్నాడు. అతని పూచీదారు, పండు ముదుసలి, కన్నీళ్లు పెట్టుకుంటూనే, ఇక నుంచి తన గిన్నెలు తోమే దిక్కెవరని సణిగింది. నేను రెండుసార్లు సేమ్యా వడ్డించుకున్నాను. సలోమి మూడుసార్లు. మనసు తేలికగానే ఉంది గాని, శుక్రవారం ఏం మాట్లాడాలో ఇంకా తట్టలేదు. కక్షిదారు వాదించకూడదు. ఎదుటి కక్షిదారును ఒకే ఒక్క ప్రశ్న అడగొచ్చు.

గురువారం, పోటు

చేపల కోసం రేవుకు వెళ్లాను. గట్టు నుంచి పడవ వచ్చింది. నూకరాజు గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నమస్కారం పెట్టి, కాళ్లనొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. మర్యాదస్తుడు. అలాంటివాళ్లకు మర్యాద ఎప్పుడూ పుష్కలంగా ఉంటుంది.

పడవలోంచి ఒక పిల్ల దిగింది, పదిహేడు పద్దెనిమిదేళ్లది. తూలుతోంది. నూకరాజు లేవలేదు. గొడుగు కింది నుంచే వేలు ఆడించాడు. అప్పుడు పోలేశ్వరి ముందుకొచ్చి, తన నడుముకు కట్టుకున్న సీసా తీసి, ఆ పిల్ల దోసిట్లో నీళ్లు పోసింది.

నేను చేపలవాడితో బేరం ఆపేశాను. వాడు భయపడి రేటు తగ్గించాడు.

పోలి నా పక్కనుంచి వెళ్తుంటే, కేసు గురించి కాకుండా మామూలు ముసలిదాన్లా అడిగాను, సీసా ఖాళీ అయిపోయింది, మరి నీకెలాగమ్మా అని.

"నాకలవాటేనమ్మా," అంది. "కొత్తోల్లొచ్చినప్పుడల్లా నా సీసాలోవే పోస్తాను. ఆడదైతే బెదరరని ఆయన నన్నే అంపుతాడు. ఆయన నీళ్లు ఆయనకే సాలవంట."

నా నోటిదాకా వచ్చింది. ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం చట్టం, నేను కక్షిదారుని. చెబితే రేపు విచారణ కొట్టేస్తారు, ఎల్లుండి ఆమె పడవెక్కుతుంది. నోరు మూసుకుని చేపలు కొన్నాను. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువని నీకు తెలుసు. ఇంటికొచ్చి సలోమికి చెబితే ఆమె చేపలు తోముతున్న కత్తి పక్కన పెట్టేసింది. ఇస్మాయిల్‌కు సేమ్యా వండారు. పోలి ఎన్నిసార్లు పోసిందో, అయినా ఎవరూ ఆమెకు దాని అర్థం చెప్పలేదు. దొడ్డిలోకి ఊరి పండుగలు పోవు.

కానీ ఆమె పోసిందని నేనంటే చాలదు. పోటీదారు మాట సాక్ష్యం కాదు. పోలి మాట, ఆమె నూకరాజు పూచీలో ఉన్నంతవరకు, నూకరాజు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. నూకరాజే చెప్పాలి. ఆ సీసా నీది కాదు కదా అని సూటిగా అడిగితే, అతని వకీలు త్రివిక్రమ్ ప్రమాదం పసిగట్టి, అన్నీ నా నీళ్లేనని చెప్పిస్తాడు. కాబట్టి నూకరాజుకు ఇంకో వైపు భయం పుట్టాలి.

మధ్యాహ్నమంతా వక్కపలుకు నములుతూ ఆ ఒక్క ప్రశ్ననూ చెక్కాను. సాయంత్రానికి నున్నగా తయారైంది.

శుక్రవారం, తూర్పుగాలి

సభ పెద్దపడవ మీద జరిగింది. జనం బాగా వచ్చారు. మా గది మీద జాలితో కొందరు, నేను నోరు మూసుకుని కూర్చోవడం చూద్దామని ఎక్కువమంది.

త్రివిక్రమ్ చాలాసేపు మాట్లాడాడు. బీదలకు ఉచిత సాయం పేరుతో మేం దొడ్ల నుంచి పనివాళ్లను లాక్కుపోతున్నామని, రేపు ఈ అమ్మాయిని మా గదిలో చాకిరీకి పెట్టుకుంటామని అన్నాడు. నేను లేవబోయాను.

"భాగీరథమ్మగారూ, ఇవాళ మీరు వకీలు కారు, కక్షిదారు. గుర్తుంచుకోండి," అన్నాడు దాలినాయుడు.

"గుర్తుంది నాయుడూ. కక్షిదారుల బల్లకు ఆనుకునే చెక్క లేదుగా, మరిచిపోదామన్నా మరవనివ్వడం లేదు," అన్నాను.

నా వంతు వచ్చింది. నూకరాజు నా వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. నేను కాగితం చూడకుండా అడిగాను.

"నూకరాజూ, పోలేశ్వరి వచ్చాక నీ దొడ్డికి ఇంకా నలుగురు ఆడపిల్లలు వచ్చారు. నీ వాటా నీకే చాలదని ఊరంతా చెప్పుకుంటావు. మరి రేవులో వాళ్ల దోసిళ్లలో పోసిన నీళ్లు ఎక్కడివి?"

జనంలో కలకలం లేచింది. ఆ ప్రశ్న దేని గురించో ఇక్కడి పసిపిల్లకైనా తెలుసు. నూకరాజు కళ్లు ఒక్కసారి తన పడవ కట్టుతాళ్ల వైపు పోయాయి. త్రివిక్రమ్ అతని చొక్కా పట్టుకు లాగుతున్నాడు. నూకరాజు విదిలించుకున్నాడు.

"నేను చుక్క దాచలేదు," అన్నాడు. "నా పడవంతా వెతుక్కోండి. ఆ నలుగురికీ పోసింది ఈ పిల్ల. దాని సీసాలోవే, దాని కడియం మీద పట్టినవే. నావి ఒక్క గుక్క కూడా లేవు."

దాలినాయుడు మళ్లీ చెప్పమన్నాడు. నూకరాజు ఈసారి ఇంకా గట్టిగా చెప్పాడు. త్రివిక్రమ్ కూర్చుని తన కాగితాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తెలివైనవాడే, ఆలస్యమైందంతే.

సభాపతి పోలేశ్వరిని ముందుకు పిలిచాడు. సలోమి బల్ల అంచు పట్టుకుంది. నేను సలోమిని పట్టుకున్నాను.

"అమ్మా, ఆయన చెప్పింది నిజమేనా? నువ్వే పోశావా?"

"నానే పోసినాను బాబూ."

"ఆయన పొయ్యమన్నాడని పోశావా, నీ అంతట నువ్వు పోశావా?"

అది నేను ఊహించని ప్రశ్న. బలవంతంగా పోయించినవి లెక్కకు రావనొచ్చు. ఒక్క మాట తేడా వస్తే అంతా పోతుంది. ఆమెకు ఆ సంగతి తెలియదు, నేను చెప్పడానికి లేదు.

"ఆయన పొయ్యమన్నాడు బాబూ. ఆ పిల్లలకి నోళ్లెండిపోయి ఉన్నాయి. ఆయన వొద్దన్నా పోసుందును."

దాలినాయుడు గడ్డం గోక్కోలేదు. మొదటి పిల్లకు నీళ్లు పోసిన రోజు నుంచే పోలేశ్వరి ఊరి మనిషని, ఆమె మీద ఎవరి పూచీ లేదని, మా గది హక్కు కూడా లేదని తీర్పు చెప్పాడు. మా హక్కు పోయినందుకు మేమిద్దరం చాలా సంతోషించాం.

పోలికి అర్థం కాలేదు. సలోమి దగ్గరికి పోయి విడమరిచి చెప్పింది. ఇప్పుడు చెప్పొచ్చు, అడ్డేమీ లేదు. పోలి విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మరా నలుగురూ?" అని అడిగింది.

"వాళ్లకు మొదటి గుక్క పోసింది నువ్వు," అన్నాడు దాలినాయుడు. "నిన్న వచ్చిన పిల్లతో సహా. వాళ్లు నీ పూచీ."

పోలి నేరుగా నూకరాజు ముందుకు నడిచింది. చెయ్యి చాపింది.

"కడియాలియ్యి," అంది. "ఐదు."

ఊరంతా చూస్తుండగా అతను మొలతాడు ముడి విప్పుకోవాల్సి వచ్చింది. వేళ్లు తడబడి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు.

శనివారం, ఎండ

లోతుగట్టు పడవ వెళ్లిపోయింది, పాచి బస్తాలతో మాత్రమే. నూకరాజు మీద అసలు కేసు సోమవారం వేస్తాం. అది ఏడాది పడుతుంది, నీకు చేతినిండా పని. దొడ్డిలో ఇంకా మగవాళ్లున్నారు, వాళ్ల సంగతీ చూడాలి.

మా ఆఫీసు నడిచే పాత లాంచీలో వెనక గది ఖాళీగా ఉంటే ఐదుగురూ అందులో దిగారు. నిన్న సాయంత్రం పడుకున్నవాళ్లు ఇవాళ ఎండ నడినెత్తికొచ్చాక లేచారు. లేచీ లేవగానే చీపురు ఎవరు పట్టాలని పోట్లాట. వాళ్లందరిలోకి చిన్నది, గురువారం వచ్చిన పిల్ల, అందరికంటే గట్టిగా అరిచింది. పోలి పూచీదారుననే హోదాతో తీర్పు చెప్పబోతే ఆమె మీదికి కూడా లేచారు. గోడకు ఇవతల నేను టీ తాగుతూ విన్నాను. చాలా రోజుల తర్వాత అంత రుచైన టీ తాగాను.

తర్వాత పోలి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏదో అడగాలని, అడగలేక. శుక్రవారం నిండు సభలో నూకరాజును ఎదిరించిన మనిషి, ఇవాళ తలుపు గురించి అడగడానికి మొహమాటపడింది. దొడ్డిలో గదులకు గడియలన్నీ బయటివైపే ఉండేవట.

ఇక్కడ ఇనుప సామాను దొరకదు, దొరికినా నెలకే తుప్పు. కాబట్టి పడవెక్కే ముందు గట్టు మీది రేవు బజారులో సామాను దుకాణానికి వెళ్లు. తలుపు గడియ ఒకటి, ఇత్తడిది, జానెడు పొడవుది తీసుకో. మేకులు వద్దు, స్క్రూలు తీసుకో, అవీ ఇత్తడివే. తలుపు చెక్క మందం నా చిటికెన వేలంత, అంతకంటే పొడవైన స్క్రూలిస్తే అవతలికి పొడుచుకొస్తాయి. దుకాణంవాడు బయట కూడా తాళం వేసుకునే రకం మంచిదని అంటగట్టబోతాడు, వినకు. లోపల నుంచి మాత్రమే వేసుకునేది కావాలని చెప్పు. కొనే ముందు అక్కడే రెండు మూడుసార్లు వేసి తీసి చూడు, బిగుసుకోకుండా జారాలి.